బ్రెయిన్‌స్టార్మ్, పాండర్, ప్రీఆర్డెయిన్: వద్దనుకున్న కార్డు ఎక్కడికి పోతుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మ్యాజిక్ ద గ్యాదరింగ్ కార్డుల ఆటలో, కామన్ కార్డులు మాత్రమే వాడే పాపర్ ఫార్మాట్ కోసం పూర్తి నీలం డెక్ కడుతున్నారు. అందులో డెల్వర్ ఆఫ్ సీక్రెట్స్, టొలేరియన్ టెర్రర్ అనే జీవుల కార్డులు ఉన్నాయి. ఒక్క నీలం మనాకు (మనా అంటే కార్డు వాడటానికి కట్టే ధర) కార్డు తీయించే స్పెల్స్ కోసం 8 చోట్లు మిగిలాయి. బ్రెయిన్‌స్టార్మ్ మూడు కార్డులు తీయిస్తుంది కాబట్టి అదే గొప్పదని ఒకరు చెప్పారు. పాండర్‌ను మించింది లేదని ఇంకొకరు, కొత్తవాళ్ళకు ప్రీఆర్డెయిన్ చాలని మరొకరు చెప్పారు. ఏవి నాలుగేసి పెట్టాలి, మొదటి టర్న్‌లో ఏది వాడాలి, రేపు కమాండర్ అనే ఇంకో ఫార్మాట్ ఆడితే ఇదే లెక్క పనికొస్తుందా అన్నవి మీ ప్రశ్నలు.

సూటిగా చెప్తాను. పాండర్ నాలుగు ఖాయంగా పెట్టండి. మిగిలిన నాలుగు చోట్ల ఏం పెట్టాలన్నది మీ డెక్‌లోని వేరే కార్డుల మీద ఆధారపడి ఉంటుంది. కట్టను కలిపే కార్డులు, పైనున్న కార్డుల్ని తుడిచేసే కార్డులు కలిపి ఎనిమిది దాకా ఉంటే బ్రెయిన్‌స్టార్మ్ పెట్టండి. సగమే ఉంటే రెండూ చెరి సగం పెట్టండి, ఏవీ లేకపోతే ప్రీఆర్డెయిన్ పెట్టండి. మొదటి టర్న్‌లో పాండర్ వాడండి, అది చేతిలో లేకపోతే ప్రీఆర్డెయిన్. బ్రెయిన్‌స్టార్మ్‌ను మాత్రం మొదటి టర్న్‌లో దాదాపు ఎప్పుడూ వాడకండి.

ఇప్పుడు కారణాలు. ముందుగా మూడు కార్డుల మీదా ఏం రాసి ఉందో పక్కపక్కన చూద్దాం.

బ్రెయిన్‌స్టార్మ్ 1995లో ఐస్ ఏజ్ సెట్‌లో వచ్చింది. ఇది ఇన్‌స్టంట్, అంటే ఎదుటివాళ్ళ టర్న్‌లో కూడా వేయగలిగేది. మూడు కార్డులు తీసి, చేతిలోంచి ఏవైనా రెండు మీకు నచ్చిన వరుసలో కట్ట పైన పెట్టాలి. పాండర్ 2007లో లోర్విన్‌లో వచ్చింది, సార్సరీ, అంటే మీ టర్న్‌లోనే వేయాల్సింది. పై మూడు కార్డులు చూసి, నచ్చిన వరుసలో తిరిగి పెట్టాలి. కావాలంటే కట్ట మొత్తం కలిపేయవచ్చు. ఆ తర్వాత ఒక కార్డు తీయాలి. ప్రీఆర్డెయిన్ 2010లో మ్యాజిక్ 2011 సెట్‌లో వచ్చింది, ఇదీ సార్సరీయే. స్క్రై 2 చేసి ఒక కార్డు తీయాలి. అంటే పై రెండు కార్డులు చూసి, వద్దనుకున్నవాటిని అడుక్కి పంపి, మిగతావి పైన ఉంచి, అప్పుడు ఒకటి తీసుకోవడం.

మూడింటిలోనూ ఒక కార్డు ఖర్చుపెట్టి ఒక కార్డు పొందుతున్నారు. బ్రెయిన్‌స్టార్మ్‌లో మూడు వచ్చినట్టు కనిపిస్తుంది గానీ రెండు వెనక్కి పోతాయి. చేతిలో కార్డుల సంఖ్య ఎందులోనూ పెరగదు. అసలు లాభం ఎలా ఉంటుందో చూడాలంటే 1993లో మొదటి సెట్‌లోనే వచ్చిన ఆన్సెస్ట్రల్ రీకాల్‌ను చూడాలి. ఒక్క నీలం మనాకు మూడు కార్డులు, వెనక్కి పెట్టాల్సింది ఏమీ లేదు. పాత కార్డులు కూడా చెల్లే ఫార్మాట్లయిన లెగసీలో అది నిషేధం, వింటేజ్‌లో డెక్‌కు ఒక్కటే అనుమతి. దాంతో పోల్చి బ్రెయిన్‌స్టార్మ్‌ను గొప్పది అనడం అంకె చూసి మోసపోవడమే.

అందుకే ఈ స్పెల్స్‌ను పోల్చేటప్పుడు "ఎన్ని కార్డులు వస్తాయి" అని చూడకండి. "నాకు వద్దనిపించిన కార్డు ఎక్కడికి పోతుంది?" అని చూడండి. ఈ ఒక్క ప్రశ్నతో పది కార్డుల తేడా తెలిసిపోతుంది. ప్రీఆర్డెయిన్‌లో అది అడుక్కి పోతుంది, ఇక కనబడదు. పాండర్‌లో మూడూ ఉంటాయి లేదా మూడూ పోతాయి. ఒక్కదాన్ని వదిలించుకోవడం కుదరదు. బ్రెయిన్‌స్టార్మ్‌లో అది ఎక్కడికీ పోదు. కట్ట పైనే కూర్చుని, తర్వాతి టర్న్‌లో మళ్ళీ మీ చేతికే వస్తుంది. రమ్మీలో కట్టలోంచి కొత్తది తీసి పనికిరాని ముక్కను కింద పడేస్తాం. ఆ పడేసిన ముక్కే మళ్ళీ కట్ట పైకి ఎక్కి మీకే వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. కలిపే దారి లేని డెక్‌లో బ్రెయిన్‌స్టార్మ్ అచ్చం అలాగే ఉంటుంది. ఆటగాళ్ళు దీన్ని బ్రెయిన్‌స్టార్మ్ లాక్ అంటారు. రెండు టర్న్‌ల పాటు కొత్త కార్డు ముఖం చూడలేరు.

కొన్ని అంకెలు ఇస్తాను. లెక్క ఇష్టం లేనివాళ్ళు కూడా ఇది ఒకసారి చదవాలి, ఎందుకంటే నోటిమాటగా చెప్పుకునే చాలా అభిప్రాయాలు ఇక్కడ తేలిపోతాయి.

60 కార్డుల డెక్‌లో 16 ల్యాండ్లు (మనా ఇచ్చే కార్డులు) ఉన్నాయనుకుందాం. మొదట ఆడేది మీరే. ఏడు కార్డుల చేతిలో ఒక్క ఐలాండే (నీలం మనా ఇచ్చే ల్యాండ్) వచ్చింది, దాంతోపాటు ఒక క్యాంట్రిప్ (ఇలా తన బదులు ఒక కార్డు ఇచ్చే చవక స్పెల్) ఉంది. కట్టలో 53 కార్డులు, వాటిలో 15 ల్యాండ్లు. రెండో టర్న్‌లో ల్యాండ్ పెట్టే సమయానికి రెండో ల్యాండ్ దొరికి ఉండే అవకాశం ఎంత?

ఏమీ వాడకపోతే 28 శాతం. మొదటి టర్న్‌లో ఆప్ట్ (స్క్రై 1 చేసి ఒక కార్డు తీసే స్పెల్) వాడితే 64 శాతం. ప్రీఆర్డెయిన్ వాడితే 75 శాతం. పాండర్ వాడి, మూడింటిలోనూ ల్యాండ్ లేనప్పుడు కలిపేస్తే 82 శాతం. మొదటి టర్న్‌లోనే బ్రెయిన్‌స్టార్మ్ వాడితే 64 శాతం, అంటే ఆప్ట్‌తో సమానం. పైగా తర్వాత వచ్చే రెండు కార్డులూ మీరు వద్దని వెనక్కి పెట్టినవే. అదే బ్రెయిన్‌స్టార్మ్‌ను పట్టుకుని, రెండో టర్న్‌లో మామూలు డ్రా తీసుకున్నాక వాడితే 75 శాతం. కార్డు అదే, మనా అదే. ఒక్క టర్న్ ఆగినందుకు 11 శాతం పెరిగింది. బ్రెయిన్‌స్టార్మ్ విషయంలో ఓపికే సగం నైపుణ్యం అని పాత ఆటగాళ్ళు అనేది ఇందుకే.

ఇప్పుడు ఆట మధ్యలోకి వద్దాం. కట్టలో 50 కార్డులున్నాయి, మిమ్మల్ని కాపాడే కార్డులు వాటిలో 8 ఉన్నాయి. ఈ క్షణమే ఒకటి కావాలి. రెండు కార్డుల లోతుకే వెళ్ళే ఆప్ట్, కన్సిడర్, స్లైట్ ఆఫ్ హ్యాండ్ ఇవన్నీ దాదాపు 30 శాతం. ప్రీఆర్డెయిన్, బ్రెయిన్‌స్టార్మ్ 41 శాతం. పాండర్ 51 శాతం. సీరం విజన్స్ 16 శాతమే.

సీరం విజన్స్ గురించి ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే ప్రీఆర్డెయిన్‌తో దీన్ని కలగాపులగం చేసేవాళ్ళు చాలామంది. 2004లో ఫిఫ్త్ డాన్‌లో వచ్చింది, స్క్రై అనే పద్ధతి మొదలైంది కూడా ఆ సెట్‌తోనే. ఇందులో ముందు కార్డు తీసి, తర్వాత స్క్రై 2 చేయాలి. ప్రీఆర్డెయిన్‌లో ముందు స్క్రై, తర్వాత డ్రా. వరుస మారిందంతే. తర్వాతి టర్న్ డ్రా దాకా లెక్కేస్తే రెండింటికీ సమానంగా 51 శాతం వస్తుంది, ఎందుకంటే రెండూ నాలుగు కార్డుల లోతుకే వెళ్తాయి. కానీ ఇప్పటికిప్పుడు అవసరమైతే ఒకటి 41, ఇంకొకటి 16. కాబట్టి ప్రాణం మీదకు వచ్చినప్పుడు సీరం విజన్స్ దాదాపు గుడ్డిగా ఒక కార్డు తీయడమే. వచ్చే టర్న్‌కు దారి వేసుకోవడానికి మాత్రం అది నిజంగా మంచి కార్డు.

పాండర్ ఎందుకు మొదటిది? మూడు కార్డుల లోతు చూస్తారు, మూడూ చెత్త అయితే కలిపేసి నాలుగోది గుడ్డిగా తీస్తారు. ఒక్క నీలం మనాకు ఇంత లోతుకు వెళ్ళి వెంటనే కార్డు ఇచ్చే క్యాంట్రిప్ పాపర్‌లో అరుదు. దాని లోపం కూడా తెలుసుకోండి. పైన ఒక మంచి కార్డు, రెండు చెత్త కార్డులు ఉన్నాయనుకోండి. మంచిది తీసుకుంటే వచ్చే రెండు టర్న్‌లూ చెత్తే వస్తుంది. కలిపేస్తే మంచిది కూడా పోతుంది. ఇదే చోట ప్రీఆర్డెయిన్ ఉంటే చెత్త అడుక్కి పోయేది. అందుకే ఆట సాగి సాగి ఇద్దరి చేతులూ ఖాళీ అయినప్పుడు, ఒక్కో డ్రా విలువైనప్పుడు, నాకు పాండర్ కంటే ప్రీఆర్డెయిన్ చేతికి వస్తేనే హాయిగా ఉంటుంది. ఆట మొదట్లో ల్యాండ్ కోసమో, ఫలానా కార్డు కోసమో వెతికేటప్పుడు పాండర్‌కు సాటి లేదు.

పాండర్ వేశాక కలపాలా వద్దా అని కొత్తవాళ్ళు బాగా టెన్షన్ పడతారు. నేను చూసేది ఒకటే: నా తర్వాతి రెండు టర్న్‌లకు ఈ మూడు కార్డులు చాలా? మూడింట్లో రెండు పనికొస్తే ఉంచుతాను. ఒక్కటే పనికొస్తే, అది లేకపోతే ఓడిపోతానా అని చూస్తాను. ఓడిపోను అనిపిస్తే కలిపేస్తాను. చేతిలో కట్టను కలిపే కార్డు ఇంకొకటి ఉంటే మాత్రం లెక్క వేరు. మంచిది తీసుకుని, ఆ కార్డుతో మిగతా రెంటినీ కలిపేస్తాను.

ఇక బ్రెయిన్‌స్టార్మ్. లెగసీలో ఇది రాజు, దాంట్లో సందేహం లేదు. కానీ అక్కడ దానికి సింహాసనం వేసింది ఫెచ్ ల్యాండ్లు. 2002లో ఆన్‌స్లాట్‌లో పొల్యూటెడ్ డెల్టా, ఫ్లడెడ్ స్ట్రాండ్ లాంటివి, 2009లో జెండికార్‌లో స్కాల్డింగ్ టార్న్, మిస్టీ రెయిన్‌ఫారెస్ట్ లాంటివి వచ్చాయి. వీటిని బలి ఇచ్చి ల్యాండ్ వెతుక్కుంటే కట్ట కలుస్తుంది. అప్పుడు బ్రెయిన్‌స్టార్మ్ పని ఇలా ఉంటుంది: మూడు కొత్త కార్డులు తీసి, చేతిలో ఉన్న రెండు పనికిరాని కార్డులు పైన పెట్టి, ఫెచ్ వాడి వాటిని కట్టలో కలిపేయడం. ఒక్క మనాకు మూడు తాజా కార్డులు అందాయి, రెండు చెత్త కార్డులు వదిలాయి. సంఖ్యలో లాభం లేకపోయినా నాణ్యతలో అది ఆన్సెస్ట్రల్ రీకాల్‌కు దగ్గరగా వస్తుంది.

పాపర్‌లో అన్నీ కామన్ కార్డులే కాబట్టి ఆ ఫెచ్ ల్యాండ్లు లేవు. ఒక నీలం డెక్‌లో కేవలం 17 ఐలాండ్లు పెట్టి, బ్రెయిన్‌స్టార్మ్ నాలుగు పెట్టినవాళ్ళను చాలామందిని చూశాను. మాతో ఆడే ఒక కుర్రాడి డెక్ అలాగే ఉండేది. ఆటలో కార్డులు బాగానే తిరుగుతున్నట్టు అనిపించేది గానీ, మధ్యలో రెండు టర్న్‌లు ఎప్పుడూ చచ్చుబడిపోయేవి. అవి నాలుగూ తీసి ప్రీఆర్డెయిన్ పెట్టించాక ఆ ఖాళీ టర్న్‌లు తగ్గాయి. అతని ఆటతీరు ఏమీ మారలేదు, కార్డులే మారాయి.

అయితే మీ డెక్‌లో టొలేరియన్ టెర్రర్ ఉందన్నారు కాబట్టి కథ అక్కడితో అయిపోదు. ఇక్కడే అసలు సరదా ఉంది. చెత్తను వదిలించుకోవడానికి కట్టను కలపడం ఒక్కటే దారి కాదు.

థాట్ స్కవర్ చూడండి. ఒక నీలం మనా, ఇన్‌స్టంట్. ఎంచుకున్న ఆటగాడి కట్ట పై నుంచి రెండు కార్డులు గ్రేవ్‌యార్డ్‌లోకి (వాడేసిన, పడేసిన కార్డుల కుప్పలోకి) పోతాయి, మీరు ఒకటి తీస్తారు. మెంటల్ నోట్ కూడా మీ మీద మాత్రమే పనిచేసే అదే కార్డు. బ్రెయిన్‌స్టార్మ్ వేసి రెండు చెత్త కార్డులు పైన పెట్టండి. వెంటనే మీ మీదే థాట్ స్కవర్ వేసుకోండి. ఆ రెండూ గ్రేవ్‌యార్డ్‌లో పడతాయి, కొత్త కార్డు చేతికి వస్తుంది. టొలేరియన్ టెర్రర్ ధర మీ గ్రేవ్‌యార్డ్‌లో ఉన్న ప్రతి ఇన్‌స్టంట్‌కూ సార్సరీకీ ఒకటి చొప్పున తగ్గుతుంది. ఈ రెండు మనాల ఆటతో గ్రేవ్‌యార్డ్‌లో కనీసం రెండు స్పెల్స్ చేరాయి. పైన పెట్టినవి కూడా స్పెల్సే అయితే నాలుగు. ఏడు మనాల 5/5 (దాడి బలం 5, ఓర్పు 5) జీవి ఒక్క విడతలో మూడు మనాలకు దిగివస్తుంది.

రెండోది లోరియన్ రివీల్డ్. 2023లో లార్డ్ ఆఫ్ ద రింగ్స్ సెట్‌లో కామన్‌గా వచ్చింది. అయిదు మనాలు పెడితే మూడు కార్డులు ఇచ్చే సార్సరీ. కానీ ఎక్కువమంది దీన్ని ఐలాండ్‌సైక్లింగ్ కోసం పెడతారు. ఒక మనా కట్టి దీన్ని పడేస్తే కట్టలోంచి ఒక ఐలాండ్ వెతుక్కోవచ్చు. వెతికాక కట్టను కలపాలి. గమనించండి, ఇది ల్యాండ్ లేనప్పుడు ల్యాండ్, ఆట చివర్లో మూడు కార్డులు, బ్రెయిన్‌స్టార్మ్ తర్వాత కట్టను కలిపే సాధనం, గ్రేవ్‌యార్డ్‌లో పడ్డాక టెర్రర్ ధర తగ్గించే సార్సరీ. నాలుగు పనులు ఒకే కామన్ కార్డులో. మీ డెక్‌లో ఇది లేకపోతే ఈ ప్రశ్నకు జవాబు చదవడం ఆపి ముందు దాన్ని చేర్చండి.

రెండు రంగులైతే ఎవాల్వింగ్ వైల్డ్స్, యాష్ బారెన్స్ అనే ల్యాండ్లు కూడా ఈ పని చేస్తాయి. నెమ్మదిగా చేస్తాయి, కానీ చేస్తాయి. ఒక్కటే జాగ్రత్త: ఎవాల్వింగ్ వైల్డ్స్‌ను పెట్టిన వెంటనే వాడేయకండి. చేతిలో బ్రెయిన్‌స్టార్మ్ ఉంటే దాన్ని బల్ల మీద అలాగే ఉంచుకోండి. ల్యాండ్‌కు తొందర లేని టర్న్‌లో బ్రెయిన్‌స్టార్మ్ వేసి, అప్పుడు వైల్డ్స్ బలి ఇవ్వండి.

కాబట్టి మీ డెక్‌లో థాట్ స్కవర్ నాలుగు, లోరియన్ నాలుగు ఉంటే బ్రెయిన్‌స్టార్మ్ నాలుగూ పెట్టండి, ప్రీఆర్డెయిన్ అక్కర్లేదు. లోరియన్ ఒక్కటే నాలుగు ఉంటే బ్రెయిన్‌స్టార్మ్ రెండు, ప్రీఆర్డెయిన్ రెండు. ఏవీ లేకపోతే బ్రెయిన్‌స్టార్మ్ సున్నా. ఇది ఎక్కడా రాసిపెట్టిన నియమం కాదు. నేను నీలం–నలుపు టెర్రర్ డెక్ ఆడుతూ, మార్చుతూ స్థిరపడిన లెక్క.

బ్రెయిన్‌స్టార్మ్‌కు మిగతా రెంటికీ లేని బలం ఇంకోటి ఉంది. అది ఇన్‌స్టంట్, పైగా చేతిలో ఉన్న కార్డును తిరిగి కట్టలో దాచగలదు. ఎదుటివాళ్ళు డ్యూరెస్ వేశారనుకోండి. అది మీ చేయి చూసి ల్యాండ్, జీవి కాని కార్డు ఒకదాన్ని పడేయిస్తుంది. దానికి బదులుగా బ్రెయిన్‌స్టార్మ్ వేసి, మీ రెండు కీలకమైన కార్డులు కట్ట పైన దాచేయవచ్చు. డ్యూరెస్ తేలిపోతుంది, మీ కార్డులు వచ్చే టర్న్ నుంచి ఒక్కొక్కటిగా తిరిగొస్తాయి. నలుపు డెక్ మీద ఆడేటప్పుడు ఒక్క మనా విప్పి ఉంచుకుని కూర్చోవడం ఎంత ధైర్యాన్ని ఇస్తుందో ఆడితేనే తెలుస్తుంది.

డెల్వర్ ఆఫ్ సీక్రెట్స్‌తో కూడా అంతే. మీ అప్‌కీప్‌లో, అంటే టర్న్ మొదట్లో డ్రాకు ముందు, డెల్వర్ కట్ట పై కార్డు చూస్తుంది. అది ఇన్‌స్టంట్ లేదా సార్సరీ అయితే చూపించి 3/2 ఎగిరే పురుగుగా మారుతుంది. డెల్వర్ ట్రిగ్గర్ స్టాక్ మీద ఉండగా, అంటే అది ఇంకా పై కార్డు చూడకముందే, బ్రెయిన్‌స్టార్మ్ వేసి, పైన ఒక స్పెల్ పెడితే మారడం ఖాయం. ఆ తర్వాత డ్రాలో ఆ కార్డే తిరిగి చేతికి వస్తుంది. పాండర్‌తో అయితే ముందు టర్న్‌లోనే వరుస పేర్చుకోవాలి: మొదటి కార్డు ఇప్పుడు తీసుకునేది, రెండోది డెల్వర్ చూసేది. ప్రీఆర్డెయిన్‌తో కూడా ఇది చేయవచ్చు, పైనున్న రెండూ పనికొచ్చేవైతే. మొదటి టర్న్ డెల్వర్, రెండో టర్న్ అప్‌కీప్‌లో బ్రెయిన్‌స్టార్మ్ అనేది కట్టను కలిపే దారి లేకపోయినా నేను ఒప్పుకునే ఒకే ఒక తొందర వాడకం. ఎందుకంటే రెండో టర్న్ నుంచే మూడు పాయింట్ల దెబ్బ మొదలవుతుంది.

చిన్నవాటి సంగతి త్వరగా చూద్దాం. ఆప్ట్ 2000లో ఇన్వేజన్‌లో వచ్చింది, స్క్రై 1 చేసి ఒకటి తీయడం. కన్సిడర్ 2021లో ఇనిస్ట్రాడ్ మిడ్‌నైట్ హంట్‌లో వచ్చింది. పై కార్డు చూసి వద్దంటే గ్రేవ్‌యార్డ్‌లో వేసి ఒకటి తీయడం. రెంటికీ తేడా మళ్ళీ ఆ ప్రశ్నే: వద్దన్న కార్డు ఎక్కడికి పోతుంది? టెర్రర్ లాంటి డెక్‌లో గ్రేవ్‌యార్డ్ ఒక వనరు కాబట్టి కన్సిడర్ ఎప్పుడూ మేలు. రెండూ ఇన్‌స్టంట్‌లే కావడం వాటి అసలు విలువ. మూడు ఐలాండ్లతో, ఎదుటివాళ్ళ స్పెల్‌ను రద్దుచేసే కౌంటర్‌స్పెల్ పట్టుకుని కూర్చున్నారు, ఎదుటివాళ్ళు ఏమీ చేయలేదు. వాళ్ళ టర్న్ చివర్లో కన్సిడర్ వేస్తే ఆ మనా వృథా పోదు. సార్సరీలతో ఈ సౌకర్యం లేదు. అయినా వెతికే లోతులో రెండు కార్డులు, మూడు కార్డుల తేడా పెద్దదే. అందుకే ఆప్ట్, కన్సిడర్ ఎప్పుడూ తొమ్మిదో కార్డు నుంచే మొదలవ్వాలి, మొదటి ఎనిమిదిలో కాదు.

స్లైట్ ఆఫ్ హ్యాండ్ పై రెండు చూసి ఒకటి చేతిలోకి, రెండోది అడుక్కి. రెండూ మంచివైనా ఒకటి పోవాల్సిందే, అది బాధ. కానీ దాని మీద "డ్రా" అనే మాట లేదు. చేతిలో పెట్టుకోమని మాత్రమే ఉంటుంది. పాపర్‌లో దీనితో పెద్ద తేడా రాదు, లెగసీ వైపు వెళ్తే వస్తుంది. 2019లో వార్ ఆఫ్ ద స్పార్క్‌లో వచ్చిన నార్సెట్, పార్టర్ ఆఫ్ వీల్స్ బల్ల మీద ఉంటే ప్రత్యర్థులు టర్న్‌కు ఒక్క కార్డు కంటే ఎక్కువ డ్రా చేయలేరు. మీ టర్న్‌లో మామూలు డ్రా అయిపోయాక బ్రెయిన్‌స్టార్మ్ వేస్తే కార్డులు ఏవీ రావు, కానీ చేతిలోంచి రెండు కార్డులు పైన పెట్టక తప్పదు. సాయం చేయాల్సిన కార్డు మిమ్మల్నే దోచేస్తుంది. 2023 నాటి ఆర్కిష్ బోమాస్టర్స్ ఇంకా క్రూరం. డ్రా స్టెప్‌లో తీసే మొదటి కార్డు తప్ప మీరు తీసే ప్రతి కార్డుకూ ఒక పాయింట్ దెబ్బ కొడుతుంది, వాళ్ళ ఆర్క్ సైన్యం ఒక మెట్టు పెరుగుతుంది. బ్రెయిన్‌స్టార్మ్‌కు మూడు దెబ్బలు, పాండర్‌కు ఒకటి, స్లైట్ ఆఫ్ హ్యాండ్‌కు అసలు లేదు.

ఇవి ఇంత బలమైనవా అని సందేహం ఉంటే నిషేధాల చరిత్ర చూడండి. 2008లో వింటేజ్‌లో బ్రెయిన్‌స్టార్మ్, పాండర్ రెండింటినీ ఒకేసారి డెక్‌కు ఒక్కటికి పరిమితం చేశారు. మోడర్న్ ఫార్మాట్ మొదలైన 2011లోనే, సెప్టెంబరులో, పాండర్‌నూ ప్రీఆర్డెయిన్‌నూ కలిపి నిషేధించారు. నీలం కాంబో డెక్‌లు (ఫలానా కార్డులు జతపడితే గెలిచేవి) తమకు కావాల్సిన కార్డును మరీ సులువుగా దొరకబుచ్చుకుంటున్నాయన్నది కారణం. ప్రీఆర్డెయిన్ 2023 ఆగస్టులో తిరిగొచ్చింది. పాండర్ రాలేదు. ఆ రెంటి మధ్య బలం తేడా ఎంతో ఆ నిర్ణయమే చెప్తుంది. ఆ పన్నెండేళ్ళలో చాలాకాలం మోడర్న్ నీలం డెక్‌లను మోసింది సీరం విజన్స్. దాన్ని తక్కువ చేయకూడదని నేననేది అందుకే.

పాపర్‌లో ఈ క్యాంట్రిప్‌లన్నీ ఇప్పటికీ చెల్లుతాయి, అది ఈ ఫార్మాట్ అందం. చెల్లనివి కొన్ని గుర్తుంచుకోండి. ట్రెజర్ క్రూజ్ కామన్ కార్డే, గ్రేవ్‌యార్డ్‌లోంచి కార్డులు తీసేస్తూ ఎనిమిది మనాల ధరను ఒక్క మనా దాకా తగ్గించి మూడు కార్డులు తీయవచ్చు. 2014లో వచ్చింది, 2015 జనవరికల్లా మోడర్న్‌లో, లెగసీలో నిషేధమైంది. పాపర్‌లోనూ నిషేధమే. రెండు పాయింట్ల ప్రాణం ఇచ్చి ఉచితంగా వాడుకోగలిగే గిటాక్సియన్ ప్రోబ్‌ను కూడా 2019లో పాపర్‌లో నిషేధించారు. పాత డెక్ జాబితాలు చూసి కార్డులు కొంటున్నట్టయితే ఈ రెండూ చూసుకోండి.

ల్యాండ్ల సంఖ్య గురించి మీరు అడగలేదు గానీ ఇది దీనికి ముడిపడి ఉంది. 1990ల చివర్లో అలన్ కోమర్ అనే ఆటగాడు టర్బో జెరాక్స్ అనే డెక్‌తో ఒక ఆలోచన ముందుకు తెచ్చారు: చవకైన క్యాంట్రిప్‌లు రెండు పెట్టిన ప్రతిసారీ ఒక ల్యాండ్ తగ్గించుకోవచ్చని. నేటికీ నీలం డెక్‌లు కట్టేవాళ్ళకు అదే పునాది. పైన 82 శాతం, 75 శాతం అని ఇచ్చిన అంకెలు ఆ ఆలోచనకు రుజువే. కానీ దీన్ని గుడ్డిగా సాగదీయకండి. క్యాంట్రిప్ వేయడానికి కూడా మొదటి ల్యాండ్ కావాలి. లోరియన్ నాలుగు, ఎనిమిది మంచి క్యాంట్రిప్‌లు ఉంటే 14 లేదా 15 ఐలాండ్లతో నేను ధైర్యంగా కూర్చుంటాను. లోరియన్ లేకపోతే 16 కంటే తగ్గను.

చివరిగా కమాండర్. ఇదే లెక్క అక్కడ పనికొస్తుందా అన్నారు. చాలావరకు పనికిరాదు. 100 కార్డుల డెక్, ఒక్కో కార్డు ఒక్కటే, బల్ల చుట్టూ నలుగురు. ఒక కార్డుకు ఒక కార్డు మార్చుకుంటూ ముగ్గురితో పోటీ పడలేరు. అక్కడ సంఖ్యలో లాభం ఇచ్చేవి కావాలి. 1995 నాటి మిస్టిక్ రెమోరా, 2000 నాటి రిస్టిక్ స్టడీ లాంటివి ప్రత్యర్థులు స్పెల్స్ వేసినకొద్దీ మీకు కార్డులు తెచ్చిపెడతాయి. మూడు మనాలకు రెండు కార్డులిచ్చే డివినేషన్, రెండు మనాలూ రెండు పాయింట్ల ప్రాణమూ పెడితే రెండు కార్డులిచ్చే నైట్స్ విస్పర్ లాంటివి కూడా అక్కడ పాండర్ కంటే ఎక్కువసార్లు ఆదుకుంటాయి. స్పెల్ వేసిన ప్రతిసారీ ఏదో ఒకటి చేసే కమాండర్ (డెక్‌కు నాయకుడిగా ఉండే కార్డు) ఉంటే మాత్రం ఒక్క మనా స్పెల్స్ అన్నీ పెట్టేయండి. ఫెచ్ ల్యాండ్లు నాలుగైదు ఉంటే బ్రెయిన్‌స్టార్మ్‌తో మొదలుపెట్టి, తర్వాత పాండర్, ఆపైన ప్రీఆర్డెయిన్ చేర్చండి.